మాయమైన రైలుదారిని పాత పటాలతో వెతికి పట్టుకోవడం ఎలా

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్ళే రైలు గాజులపల్లె దాటిన తరువాత నల్లమల అడవిలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి దిగువమెట్ట వరకు కిటికీ పక్కన కూర్చున్నవారికి కొండలు, లోయలు, వెదురు పొదలు కనిపిస్తాయి గాని, 1880ల దశకంలో మీటరు గేజి (రెండు పట్టాల మధ్య ఒక మీటరు దూరం) బండి కోసం వేసిన దారి అదే అడవిలో కొంత మేర వేరేచోట నుంచి పోయేదన్న సంగతి తెలియదు. 1990ల దశకంలో ఈ లైనును అంతకంటే వెడల్పైన బ్రాడ్ గేజికి మార్చినప్పుడు కొండలెక్కే ఘాటు భాగంలో దారి మార్చారు. దానితో చలమ, బోగద ప్రాంతంలోని దొరబావి వంతెన మీదుగా బండ్లు నడవడం ఆగిపోయింది. లోయలో నిలిచిన దాని రాతి స్తంభాలను చూసి వచ్చినవారు చాలామందే ఉన్నారు. ఆ స్తంభాల దగ్గరికి పాత దారి ఎటు నుంచి వచ్చిందో, అక్కడి నుంచి ఎటు పోయిందో పటం మీద గీసి చూపగలవారు మాత్రం అరుదు. ఆ పని ఎలా చేయాలో, నాకు పనికివచ్చిన పద్ధతులేమిటో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలు ఎక్కువగా నల్లమల లైను నుంచే తీసుకుంటాను గాని, పద్ధతి ఏ లైనుకైనా వర్తిస్తుంది.

ముందుగా ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. రోడ్డు ఎంత ఏటవాలునైనా ఎక్కుతుంది, ఎలాగైనా మలుపు తిరుగుతుంది. రైలుకు ఆ వెసులుబాటు లేదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారకుండా బరువు లాగాలంటే వాలు మెత్తగా ఉండాలి, వంపు విశాలంగా ఉండాలి. అందువల్ల పటంలో గీత చెరిగిపోయినచోట కూడా, ఆ నేల మీద రైలు ఎటు పోగలదో, ఎటు పోలేదో మనం లెక్కగట్టవచ్చు. పాత లైను జాడ తీయడంలో సగం పని ఈ లెక్కే.

కాలాన్ని నిర్ణయించుకోవడం

పటాలు వెతకడానికి ముందు ఆ లైను ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు ఆగింది అన్నది రాసి పెట్టుకోండి. ఉదాహరణకు కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది, రెండో ప్రపంచయుద్ధ కాలంలో 1940లో పట్టాలు పీకేశారు, తిరిగి 2004లో బండి నడిచింది. ఈ మూడు సంవత్సరాలు తెలియనివారు 1950ల నాటి పటం ఒక్కటే చూస్తే కోనసీమ అంచున రైలే లేదనుకుంటారు. 1930ల పటాన్ని పక్కన పెట్టి చూస్తేనే కథ అర్థమవుతుంది. కాబట్టి లైను ఆగిపోవడానికి ముందుది ఒకటి, తరువాతది ఒకటి, కనీసం రెండు పటాలు కావాలి.

లైను పేరు కూడా కాలంతో పాటు మారుతుంది. నంద్యాల మీదుగా పోయే దారి మొదట బళ్లారి–కిస్ట్నా స్టేట్ రైల్వేగా మొదలై, సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చి, 1908 తరువాత మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో భాగమైంది. 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాయి. పాత కాగితాల్లో ఈ పేర్లన్నిటి కింద వెతకాలి. ఊళ్ళ పేర్లూ అంతే. కాకినాడ కోసం కొకనాడ అని, విజయవాడ కోసం బెజవాడ అని, కంభం కోసం కంబమ్ అని చూడకపోతే ఎదుటే ఉన్నది కూడా కనిపించదు. రెవెన్యూ కాగితాల విషయంలో జిల్లా సరిహద్దులు గుర్తుపెట్టుకోండి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి.

ఏ పటం, ఏ షీటు

మనకు అన్నిటికంటే పనికివచ్చేవి సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలతో సహా గీసిన పటాలు. పాతవి మైలుకు ఒక అంగుళం కొలతలో ఉంటాయి. మెట్రిక్ విధానం వచ్చాక వాటి స్థానంలో 1:50,000 షీట్లు, అంటే కిలోమీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున గీసినవి వచ్చాయి. షీటు సంఖ్యను అర్థం చేసుకుంటే వెతుకులాట చాలా తగ్గుతుంది. 57 అనే షీటు 76 నుంచి 80 డిగ్రీల రేఖాంశాల మధ్య, 12 నుంచి 16 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్న నేలంతటికీ సంబంధించినది. దాన్ని ఒక్కొక్క డిగ్రీ చొప్పున పదహారు గడులు చేసి ఏ నుంచి పీ వరకు అక్షరాలు పెట్టారు. అక్షరాలు వాయవ్య మూల నుంచి మొదలై పక్కకు కాకుండా కిందికి దిగుతాయి. ఆ విధంగా 57 ఐ అనేది 78–79 డిగ్రీల రేఖాంశాల, 15–16 డిగ్రీల అక్షాంశాల మధ్య గడి. దాన్ని మళ్ళీ పదహారు చేస్తే మన చేతికి వచ్చే షీటు అవుతుంది. గిద్దలూరు 57 ఐ/15లో ఉంది. నంద్యాల మాత్రం నాలుగు షీట్లు కలిసే మూలకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి 57 ఐ/6, 7, 10, 11 నాలుగూ ఎదురుగా ఉంటే తప్ప ఊరి చుట్టూ లైను సాగిన తీరు పూర్తిగా తెలియదు. ఎప్పుడూ పక్క షీట్లు కూడా సంపాదించుకోవాలని చెప్పేది ఇందుకే. ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా తన ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఇస్తున్న ఓపెన్ సిరీస్ పటాలకు వేరే సంఖ్యలు ఉంటాయి. ఈ ప్రాంతానివి డి 44తో మొదలవుతాయి.

పాత షీట్లు దొరకనప్పుడు అమెరికా సైన్యం మ్యాప్ సర్వీసు 1950లలో 1:2,50,000 కొలతలో ముద్రించిన యూ502 శ్రేణి ఆదుకుంటుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వీటిని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచింది. నంద్యాల–కంభం ప్రాంతానికి ఎన్‌డీ 44-1 చూడాలి. ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా 26వ సంపుటం పూర్తిగా పటాల పుస్తకమే. ఏ లైను ఏ కంపెనీదో ఒక్క చూపులో తెలుసుకోవడానికి అది మంచిది గాని, నేల మీద వెతకడానికి సరిపోదు.

షీటు చేతికి రాగానే లైను కోసం వెతకకుండా ముందు అంచులు చదవండి. ముద్రించిన సంవత్సరం వేరు, సర్వే చేసిన సంవత్సరం వేరు. రెండింటి మధ్య దశాబ్దాల తేడా ఉన్న షీట్లు ఉన్నాయి; కొన్నింటిలో రోడ్లు, రైళ్లు మాత్రమే తరువాత సవరించి, మిగిలినదంతా పాతదే ఉంచారు. ఆ తరువాత సంకేతాల పట్టిక చూడండి. అందులో బ్రాడ్ గేజికి ఒక గుర్తు, ఇతర గేజిలకు ఒక గుర్తు, గనుల లైను లేదా ట్రామ్‌వేకు ఒక గుర్తు, సొరంగంతో కూడిన కటింగుకు (దారి కోసం కొండను తొలిచిన కోతకు) ఒక గుర్తు ఉంటాయి. మీటరు గేజి గుర్తు ఉన్నచోట తరువాతి షీటులో బ్రాడ్ గేజి గుర్తు ఉండి, రెండు గీతలూ ఒకేచోట లేకపోతే, అక్కడ దారి మారిందన్నమాట. గేజి మార్పిడిలో సాధారణంగా పాత కట్టనే వెడల్పు చేసి వాడుకుంటారు. వంపు మరీ బిగువుగా ఉన్నచోట, వంతెన బరువు మోయలేనిచోట, ఎత్తు ఎక్కడం కష్టమైనచోట కొత్త దారి వేస్తారు. అందుకని వందల కిలోమీటర్ల లైనులో వెతకవలసినవి ఈ కొన్ని భాగాలే.

పటంలో రాసిన పేర్లను కూడా వదలవద్దు. బోగద అంటే మన మాటలో సొరంగమే. అడవి మధ్యలో ఆ పేరు కనిపిస్తే దాని చుట్టూ నాలుగైదు కిలోమీటర్ల మేర నేలను జాగ్రత్తగా పరిశీలించాలి. ఊరికి దూరంగా పొలాల మధ్య ‘గేటు’ అన్న పేరు ఉన్నా, బండి ఆగని ఊళ్ళో ‘స్టేషన్ వీధి’ ఉన్నా అదీ ఆనవాలే.

కంపాసుతో వాలు కొలవడం

ఇందుకు కావలసింది పిల్లల జామెట్రీ పెట్టెలో ఉండే కంపాసు, ఒక స్కేలు. 1:50,000 షీటులో కాంటూరు రేఖల మధ్య, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన రేఖల మధ్య, ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. లైను వాలు 1కి 100 అనుకుందాం, అంటే నూరు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేస్తుంది. అప్పుడు 20 మీటర్లు ఎక్కడానికి రెండు కిలోమీటర్లు కావాలి, పటం మీద అది నాలుగు సెంటీమీటర్లు. కంపాసు కాళ్ళను నాలుగు సెంటీమీటర్లకు విప్పి, తెలిసిన చోటు నుంచి, అంటే స్టేషన్ నుంచో వంతెన నుంచో మొదలుపెట్టి, ఒక కాంటూరు మీద ఒక కాలు, తరువాతి కాంటూరు మీద రెండో కాలు వేసుకుంటూ నడవండి. రెండో కాలు రేఖను అందుకోగలిగే చోట్లు కొన్నే ఉంటాయి. అవే రైలు పోగల చోట్లు. వాలు 1కి 50 అయితే దూరం రెండు సెంటీమీటర్లకు తగ్గుతుంది. పాత అంగుళం షీటులో కాంటూరు తేడా 50 అడుగులైతే, 1కి 100 వాలుకు కంపాసు విప్పవలసిన దూరం దాదాపు 24 మిల్లీమీటర్లు.

మీరు అనుకున్న దారిలో కాంటూరు రేఖలు ఇంతకంటే దగ్గరగా ఉంటే మూడింటిలో ఒకటి జరిగి ఉండాలి. అక్కడ లోతైన కటింగో సొరంగమో ఉండాలి, లేదా ఎత్తయిన కట్టో వంతెనో ఉండాలి, లేదా దారి అసలు అక్కడ లేదు. దొరబావి వంటి ఎత్తయిన వంతెన ఎందుకు కట్టవలసి వచ్చిందో ఈ కంపాసు నడకతో మనకే బోధపడుతుంది. లోయలోకి దిగి మళ్ళీ ఎక్కే అవకాశం బండికి లేదు. లోయ తలవైపు చుట్టి పోదామన్నా అంత చోటు ఉండాలి. రాత్రివేళ బల్ల మీద షీటు పరచుకొని, కంపాసు సూది మొన ఒక్కొక్క గోధుమ రంగు రేఖ మీద ఆనుతూ ఉండగా, నూట నలభై ఏళ్ళ కిందట ఆ అడవిలో సర్వే గొలుసు పట్టుకొని తిరిగినవారి ఆలోచన మనకు అందుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

కంప్యూటరు అలవాటున్నవారు ఇదే పనిని ఎత్తుల డేటాతో చేయవచ్చు. అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం డేటాలో ఒక్కొక్క గడి సుమారు 30 మీటర్లు కాబట్టి కొండవాలు తెలుస్తుంది గాని, అయిదారు మీటర్ల వెడల్పున్న రైలుకట్ట అందులో కనిపించదు. గూగుల్ ఎర్త్‌లో గీత గీసి దాని ఎత్తుల రేఖాచిత్రం చూస్తే అనుమానం ఉన్నచోట వెంటనే తేలిపోతుంది.

పాత పటాన్ని నేటి పటం మీద పరచడం

స్కాన్ చేసిన షీటును క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లోని జియోరెఫరెన్సర్ అనే పనిముట్టుతో నేటి ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టాలి. స్కానింగు ముందు మడతలు సాపు చేసి, అంచులతో సహా తీయండి. షీటు మూలల్లోని అక్షాంశ రేఖాంశాల మీదనే ఆధారపడితే తప్పు వస్తుంది, ఎందుకంటే పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం అనే భూమి ఆకారపు లెక్కన గీసినవి, ఇప్పటి జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. ఈ తేడా పట్టించుకోకపోతే గీత నేల మీద వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. దీనికి విరుగుడు, రెండు కాలాల్లోనూ కదలని గుర్తులను కలపడం. పాత గుడి, చెరువుకట్ట చివరలు, ఇప్పటికీ అదే చోట ఉన్న స్టేషను, కొండ శిఖరం మీది సర్వే స్తంభం మంచి గుర్తులు. వాగు మలుపులు, ఇసుక తిన్నెలు పనికిరావు. షీటు నలుమూలలా పరచుకొనేటట్లు ఆరు నుంచి పది గుర్తులు తీసుకుంటే చాలు.

ఎంత శ్రద్ధగా చేసినా పటం గీతకు కొంత లావు ఉంటుంది. అంగుళం షీటులో అర మిల్లీమీటరు గీత నేల మీద 32 మీటర్లు, 1:2,50,000 పటంలో అదే గీత 125 మీటర్లు. పైగా రోడ్డూ రైలూ ఆనుకొని పోయేచోట రెండు గుర్తులూ విడిగా కనిపించడానికి పటం గీసినవారు ఒకదాన్ని కొద్దిగా జరుపుతారు. కాబట్టి మీకు దొరికింది గీత కాదు, ఒక పట్టీ అనుకొని, ఆ పట్టీలోపల వెతకాలి.

ఉపగ్రహ చిత్రంలో చూడవలసినవి

చిత్రం తీసిన నెల ముఖ్యం. నల్లమల ఆకురాల్చే అడవి కాబట్టి ఏప్రిల్, మే నెలల చిత్రాల్లో కొమ్మల సందుల నుంచి కట్టలు, స్తంభాలు కనిపించే అవకాశం ఉంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలను ఏడాదివారీగా వెనక్కి జరిపి చూడవచ్చు. మైదానంలో మాత్రం వానలు వెలిసిన తరువాతి చిత్రాలే మేలు. రైలుకట్టకు మట్టి పక్కనే తవ్వి పోసేవారు. ఆ గుంటలు అక్టోబరు, నవంబరు నెలల్లో నీళ్ళతో నిండి, పలకలు పేర్చినట్లు ఒకే వరుసలో మెరుస్తాయి. కట్ట దున్నుకుపోయినా గుంటల వరుస చాలాకాలం నిలుస్తుంది. పొలం గట్లన్నీ ఒక దిక్కున ఉండి, ఒక్క వరుస పొలాలు మాత్రం ఏటవాలుగా కోసినట్లు ఉంటే, ఆ కోత వెంట చూపు పోనివ్వండి. కట్ట మీద సర్కారు తుమ్మ ఒత్తుగా పెరిగి ఆకుపచ్చని తాడులా కనిపించడం కూడా మామూలే.

ఇక్కడ ఒక హెచ్చరిక. నేను ఒకసారి నంద్యాల పరిసరాల్లో చక్కని వంపు తిరిగిన కట్టను చూసి, అదే పాత రైలుదారి అని నమ్మి, రెండు సాయంత్రాలు దాని వెంట గీత గీశాను. చివరికి అది కాలువ కట్ట అని తేలింది. కర్నూలు–కడప కాలువ, దాని పిల్లకాలువలు ఉన్న ప్రాంతంలో ఈ పొరపాటు ఎవరికైనా జరగవచ్చు. తేడా ఇలా తెలుస్తుంది: కాలువ కాంటూరును అంటిపెట్టుకొని వంకరలు పోతూ ఒకే వైపుకు వాలుతుంది, మధ్యమధ్య చీలుతుంది. రైలుదారి కాంటూర్లను దాటుతుంది, ఒకచోట కోతగా ఉన్నది కొద్దిదూరంలోనే కట్టగా మారుతుంది, చీలికలు స్టేషన్ దగ్గరే ఉంటాయి.

రెవెన్యూ పటాలు, ఊరి పెద్దలు

ఉపగ్రహ చిత్రంలో జాడ తెగిపోతే గ్రామ రెవెన్యూ పటం చూడండి. రైల్వే కోసం సేకరించిన భూమికి పొలాల మధ్య సన్నని పొడవాటి పట్టీగా ప్రత్యేకమైన సర్వే నంబరు ఉంటుంది. పట్టాలు పోయినా ఆ పట్టీ పటంలో నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పటాలు, ఎఫ్‌ఎంబీలు (ఒక్కొక్క సర్వే నంబరు కొలతల పటాలు) మీభూమి పోర్టల్‌లో దొరుకుతాయి. గ్రామ భూముల వివరాలు రాసే అడంగల్‌లో ఆ నంబరుకు ఎదురుగా రైల్వే పేరు కనిపిస్తే ఇక సందేహం అక్కరలేదు. వరుసగా నాలుగు గ్రామాల పటాలు అతికించి చూస్తే టోపో షీటు కంటే కచ్చితమైన దారి వస్తుంది.

పాత టైం టేబుళ్ళలో స్టేషన్ల మధ్య దూరాలు మైళ్ళలో ఉంటాయి. వాటిని 1.609తో గుణించి, మీరు గీసిన దారి వెంట కొలిస్తే, ఇప్పుడు ఆనవాలు లేని స్టేషను ఎక్కడ ఉండేదో తేలుతుంది. కొలత చాలకపోయినా మిగిలినా మీ గీతలో ఒక వంపు తప్పిందని అర్థం.

ఊళ్ళో అడిగేటప్పుడు ‘వాడుకలో లేని రైలు మార్గం’ అంటే ఎవరూ చెప్పలేరు. ‘పాత రైలుకట్ట ఎక్కడండీ, మీటరు గేజి బండి ఎటు నుంచి వచ్చేది పెద్దాయనా’ అని అడగాలి. పట్టాలు కాపాడే గ్యాంగ్‌మన్‌గా, కీమన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు దొరికితే అంతకుమించిన అదృష్టం లేదు. రోజూ నడిచిన దారి కాబట్టి ఏ వంతెనకు ఎన్ని ఖానాలో (స్తంభాల మధ్య ఖాళీలో), ఏ కటింగులో వానకు రాళ్ళు జారేవో వారికి గుర్తుంటుంది. వారి ముందు పటం పెట్టి వేలితో చూపమనడం కంటే, ఒక స్టేషన్ నుంచి బయలుదేరి వరుసగా ఏమేమి వచ్చేవో చెప్పమనడం మంచిది.

నేల మీద

బయలుదేరే ముందు అనుమతుల సంగతి తేల్చుకోండి. నల్లమలలోని ఈ భాగం గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యానికి, పులుల సంచారం ఉన్న అడవికి సంబంధించినది. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పచ్చర్ల దగ్గర అటవీశాఖ విడిది ఉంది. అక్కడి సిబ్బందిని అడిగి, వారు తోడు వస్తేనే వెళ్ళండి. బండ్లు నడిచే లైను మీద నడవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద శిక్షార్హం. పట్టాలు తీసేసిన భూమి కూడా రైల్వేదే అయి ఉండవచ్చు. అక్కడ దొరికే మేకు గాని, స్లీపరు ముక్క గాని తీసుకోవద్దు, ఫొటో తీసి ఉన్నచోటే ఉంచండి. రైల్వే ఆస్తిని దగ్గర ఉంచుకోవడం మీద 1966 నాటి చట్టం ఒకటి ప్రత్యేకంగా ఉంది. పాత స్తంభాలు ఎక్కవద్దు, సొరంగం లోపలికి పోవద్దు. తేనెపట్టు ఒక్కటి కదిలినా అడవిలో సాయం అందదు.

నేల మీద మొదట చూడవలసింది రాయి. చుట్టుపక్కల నేలలో లేని రంగు కంకర, చేతికి ఒకే పరిమాణంలో దొరికితే అది లైను మీద పరచినదే. కంకర కింద నల్లగా, తేలికగా, చిన్నచిన్న రంధ్రాలతో ఉన్న ముక్కలు ఆవిరి ఇంజను బొగ్గు కిట్టం. తరువాత నీటిదారులు చూడండి. రైతులు కట్టను చదును చేసి కలుపుకొన్నా, సున్నంతో కట్టిన రాతి తూమును పగలగొట్టడం శ్రమ కాబట్టి వదిలేస్తారు. పొలం మధ్యలో పైన దారీ కింద వాగూ లేకుండా ఒంటరిగా నిలిచిన తూము పాత లైను మీద మీరు నిలబడ్డారనడానికి గట్టి సాక్ష్యం. రెండు తూములు దొరికితే వాటి మధ్య మెత్తని వంపు గీయండి.

ఇంటికి వచ్చాక గీతను మూడు రంగుల్లో గీయండి. కళ్ళారా చూసిన భాగానికి ఒకటి, పటంలో మాత్రమే ఉన్నదానికి ఒకటి, వాలు లెక్కతో ఊహించినదానికి ఒకటి. ఎవరైనా మార్చగల ఆన్‌లైన్ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చేటప్పుడు కట్ట కనిపిస్తున్న భాగాన్ని అబాండన్డ్ అని గుర్తించండి. ఆనవాలు పూర్తిగా చెరిగిపోయినదాన్ని రేజ్డ్ అంటారు. ఊహించిన భాగాన్ని అందులో చేర్చకుండా మీ దగ్గరే ఉంచుకొని, ఆ చోట ఒక్క తూమైనా దొరికే వరకు, వచ్చే ఏప్రిల్‌లో ఆకులు రాలిన తరువాత మళ్ళీ వెతకండి.